ఏటీఎం మిషన్ అంటే తప్పేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నేను 'రిటర్న్ బ్యాక్ ఇచ్చెయ్' అన్నా, 'ఏటీఎం మిషన్' అన్నా, 'పిన్ నంబర్' అన్నా 'ఒకే మాట రెండుసార్లు ఎందుకే అమ్మా' అని ఒకటే నవ్వు. వీటికి ఏదైనా పేరుందా? మరి కోర్టు కాగితాల్లో చెల్లదనడానికి 'నల్ అండ్ వాయిడ్' అని రాస్తే ఎవరూ నవ్వరేం?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పేరు ఒకటి కాదండీ, చాలానే ఉన్నాయి. అవసరానికి మించి మాట వాడితే ప్లియోనాజమ్, అన్నదాన్నే వేరే మాటతో మళ్ళీ అంటే టాటాలజీ. పుస్తకాల్లో తేడా చూపిస్తారు గానీ మామూలు వాడుకలో రెండూ కలిసిపోయాయి. మనకైతే పునరుక్తి అన్న ఒక్క మాట చాలు. ఏటీఎంలో చివరి ఎమ్ మిషనే, పిన్‌లో చివరి ఎన్ నంబరే. ఈ రకానికి 'న్యూ సైంటిస్ట్' పత్రికలో 2001లో రాస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రాస్ అంటే రిడండెంట్ యాక్రోనిమ్ సిండ్రోమ్, అందులో ఎస్ అంటేనే సిండ్రోమ్, దానికి మళ్ళీ ఒక సిండ్రోమ్ తగిలించారు, కావాలనే. మీవాడికి ఇది చెప్పండి, ఓ వారం మీ జోలికి రాడు.

'రిటర్న్ బ్యాక్' విషయంలో మాత్రం వాడిదే రైటు. రిటర్న్‌లోనే వెనక్కి ఉంది, బ్యాక్ వల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు, 'రివర్ట్ బ్యాక్', 'రిపీట్ ఎగైన్' కూడా అంతే. పిన్ సంగతి వేరు. పోస్టాఫీసులో పిన్ అడిగితే 761తో మొదలయ్యేది చెప్తారు (మీ పక్కనే ఉన్న పాతపట్నంలో అయితే 532), బ్యాంకులో అడిగితే ఎవరికీ చెప్పకూడనిది గుర్తొస్తుంది, కుట్టుమిషను దగ్గర అడిగితే గుండుసూది చేతిలో పెడతారు, అలాంటప్పుడు వెనకాల 'నంబర్' అనో 'కోడ్' అనో తోక లేకపోతే వినేవాళ్ళకే తికమక. 'కజిన్ బ్రదర్' అన్నా ఇంగ్లీషు మాస్టార్లు ఎర్రగీత కొడతారు. కానీ పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ అయిన మన ఇళ్ళల్లో ఉత్త 'కజిన్' అని వదిలేస్తే పెళ్ళిచూపుల్లో ఎంత గోలో ఆలోచించండి. అక్కడ బ్రదర్ ఉండాల్సిందే, నా ఓటు దానికే.

ఇక కోర్టు జంటలు. వీటిని లీగల్ డబ్లెట్స్ అంటారు. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక పెద్దల నోట ఫ్రెంచి, జనం నోట ఇంగ్లీషు, రాతకోతల్లో లాటిన్ నడిచాయి. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని చట్టం చేసినా లాయర్లు పాత మాటల్ని వదల్లేదు. ఒక మాట రాస్తే రేపు ఎవడైనా 'అది నాకు వర్తించదు' అని తప్పించుకుంటాడేమోనని రెండు భాషల మాటలూ పక్కపక్కనే పెట్టే అలవాటు బలపడింది. విల్ అండ్ టెస్టమెంట్ అలాంటిదే, విల్ ఇంగ్లీషు, టెస్టమెంట్ లాటిన్. గూడ్స్ అండ్ చాటెల్స్ (చరాస్తులు)లో రెండోది ఫ్రెంచి. పోనుపోను జంటగా రాస్తేనే బరువు అన్న మోజు పట్టుకుంది, అందుకే నల్, వాయిడ్ రెండూ ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవే అయినా కలిపే తిప్పుతారు. నన్నడిగితే వాటిలో ఒకటి తీసేసినా ఏ కేసూ ఓడిపోదు.

మీ బజారులో రోజూ జరిగేదీ ఇదేగా? కూరగాయలమ్మే ఆవిడ తెలుగులో పదిహేను రూపాయలని చెప్పి, పక్కనున్న ఒడియా మనిషి కోసం వెంటనే 'పందర టంకా' అంటుంది. దాన్ని పునరుక్తి అనేవాడు బేరం ఎరగనివాడు. మనం తిట్టే 'సిగ్గూ శరం' కూడా అలా కలిసిందే, సిగ్గు తెలుగు, శరం పారసీ నుంచి వచ్చింది. తిరగేసి 'శరం సిగ్గూ' అని తిట్టి చూడండి, తిట్టులో పస ఉండదు. ఇంగ్లీషులో 'సేఫ్ అండ్ సౌండ్' కూడా అంతే, తిరగబడదు. ఇలాంటి వాటికి మాల్కీల్ అనే భాషావేత్త 1959లో ఇర్రివర్సిబుల్ బైనోమియల్స్ అని పేరు పెట్టాడు. నోరు తిరగకపోతే విడిపోని జంటలు అనుకోండి. జనం వాడేదే భాష అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, మీవాడి నవ్వుకి మరీ జంకక్కర్లేదు. మహేంద్రగిరి కొండ అని వాడూ అంటాడు కదా, గిరి అంటే ఏమిటో అడగండి.

ప్రశ్న: పెళ్ళి బోర్డు మీద 'స్వాగతం' రాయించాలా, 'సుస్వాగతం' రాయించాలా?
- ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: సు, ఆగతం కలిస్తేనే స్వాగతం. ముందు ఇంకో సు పెడితే రెండు సు లు అవుతాయి. అక్షరానికింత అని తీసుకునే పెయింటరైతే 'స్వాగతం' చాలు. ఫ్లెక్సీ అయితే చదరపు అడుగుల లెక్క కాబట్టి మీ ఇష్టం.