కరెంటు పోతే ఏ బాక్సు కొనాలి? ముందు ఫ్రిజ్ లెక్క చూడండి

1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకి కరెంటు లేకుండా రోజులు గడపడం ఒకరు నేర్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు తీగల మీద పడి ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉన్నా, పెరట్లో నుయ్యి ఉండేది, కట్టెల పొయ్యి ఉండేది. అమెరికాలో అద్దె అపార్ట్‌మెంటులో అవేవీ ఉండవు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి టెక్సాస్, 2024 జూలైలో బెరిల్ తుపానుకి హ్యూస్టన్ చీకటైపోయాయి. బెరిల్ ఒక్కదానికే ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు: పోర్టబుల్ పవర్ స్టేషన్ (చార్జి చేసి ఉంచుకుని, కరెంటు పోయినప్పుడు వాడుకునే బ్యాటరీ బాక్సు) ఏ సైజుది తీసుకోవాలి, అలాంటిదే ఇంకొకటి కొని ఊళ్లో అమ్మానాన్నలకి పట్టుకెళ్లొచ్చా.

సైజు సంగతి ముందు. బాక్సు మీద రెండు అంకెలుంటాయి. వాట్లు అంటే ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదో, వాట్-అవర్లు అంటే మొత్తం ఎంత దాచుకుందో. వెయ్యి వాట్-అవర్లంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్టు, అంతే. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించేది వాట్లు, కానీ రాత్రి గడవాలంటే కావలసింది యూనిట్లు.

ఫ్రిజ్ లోపలి గోడ మీద అతికించిన ప్లేటు చూసి లెక్క వేయకండి. అక్కడ 6.5 ఆంపియర్లని ఉంటే 120 వోల్టులతో గుణించి 780 వాట్లనుకుంటారు. అది మంచు కరిగించే హీటరును కూడా కలిపి రాసిన గరిష్ఠం. ఆ ప్లేటు మీద మోడల్ నంబరు మాత్రం తీసుకుని, ఏడాదికి ఎన్ని యూనిట్లు తింటుందో వెతకండి. పెద్ద రెండు తలుపుల ఫ్రిజ్‌కి 650 అని ఉంటే, 365తో భాగిస్తే రోజుకి 1.8 యూనిట్లు. వైఫై రౌటరు, దాని పక్కనుండే ఫైబర్ డబ్బా రెండూ రోజంతా కలిపి దాదాపు 0.4. మూడు ఎల్‌ఈడీ దీపాలు, నాలుగు ఫోన్లు కలిపి 0.2. రైస్ కుక్కర్లో ఒకసారి అన్నం 0.35. మొత్తం 2.8 యూనిట్లకి కాస్త అటూ ఇటూ.

అలాగని 2.8 యూనిట్ల బాక్సు రోజంతా రాదు. బ్యాటరీలోని కరెంటును గోడ సాకెట్లో వచ్చే ఏసీ కరెంటుగా మార్చడంలో పదిహేను శాతం దాకా పోతుంది. ఏమీ తగిలించకపోయినా, బాక్సు లోపల ఆ పని చేసే ఇన్వర్టరు ఆన్‌లో ఉన్నందుకే గంటకి పదిహేను వాట్-అవర్లు తినేస్తుంది. రెండు యూనిట్ల బాక్సు పై లెక్కకి పదమూడు గంటలు వస్తుంది. ఒక యూనిట్టు బాక్సయితే ఫ్రిజ్ ఒక్కదానికే తొమ్మిది గంటలు. మా సలహా రెండు యూనిట్లకి తగ్గొద్దని. అంత డబ్బు ఇప్పుడే పెట్టలేకపోతే ఒక యూనిట్టుది తీసుకుని ఫ్రిజ్‌ను విడతలుగా నడపండి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండా ఉన్న ఫ్రీజరు 48 గంటలు గడ్డ కట్టే ఉంటుంది. ఫ్రీజర్లో రొయ్యల పక్కన ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు పెట్టి గడ్డ కట్టించుకోండి.

ఫ్రిజ్ కంప్రెసరు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకే సర్జ్ వాట్లు (ఒక్క క్షణం పాటు ఇవ్వగలిగే గరిష్ఠం) చూడాలి, ప్యూర్ సైన్ వేవ్ (గోడ సాకెట్లో వచ్చేలాంటి కరెంటు) అని రాసి ఉండాలి. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి. మూడు వేల సార్లు చార్జి చేసినా చాలావరకు నిలబడుతుంది. పాత ఎన్‌ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) రకం ఐదు నుంచి ఎనిమిది వందల సార్లకే నీరసిస్తుంది. తగ్గింపు ధరలకి వచ్చే పాత మోడళ్లలో తరచూ ఇదే ఉంటుంది. ఎకోఫ్లో, బ్లూటీ, జాకరీ, యాంకర్ ఏదైనా సరే, పేరు కాదు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అన్న ఒక్క మాట చూడండి.

కొన్నాక అందరూ పడే చిక్కు ఒకటుంది. చాలా బాక్సుల్లో ఎకో మోడ్ ఆన్ చేసే వస్తుంది. కంప్రెసరు ఆగగానే బాక్సు ‘ఇక్కడ ఎవరూ కరెంటు వాడట్లేదు’ అనుకుని, కాసేపటికి ఏసీ అవుట్‌పుట్ ఆపేస్తుంది. తెల్లారి చూస్తే బ్యాటరీ డెబ్బై శాతం ఉంటుంది, ఫ్రిజ్ మాత్రం చల్లదనం పోయి ఉంటుంది. యాప్‌లోకి వెళ్లి ఆ ఆటో-ఆఫ్ తీసేయండి. కరెంటు ఉన్నప్పుడే ఒక రాత్రి ఫ్రిజ్‌ను దాని మీద నడిపి చూసుకోండి.

రూమ్ హీటరు తగిలించొద్దు. 1500 వాట్లది ఒక యూనిట్టును అరగంటలో మింగేస్తుంది. గ్యాస్ ఫర్నేస్ బ్లోయరుకి కరెంటు కావాలంటే ఎలక్ట్రీషియన్ చేత ట్రాన్స్‌ఫర్ స్విచ్ (బయటి లైనును విడదీసి బాక్సు వైపు మార్చేది) పెట్టించుకోవాలి. రెండు వైపులా మగ ప్లగ్గులున్న తీగతో గోడ సాకెట్లోకి కరెంటు ఎక్కించకండి. అది బయటి లైనులోకి పోయి, స్తంభం మీద పని చేసేవాడి ప్రాణం తీస్తుంది. ఊరి నుంచి తెచ్చిన మిక్సీ, గ్రైండరు 230 వోల్టులవి. వాటిని ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఈ బాక్సు మీద నడిపే ఆలోచన వదిలేయండి.

సున్నా సెల్సియస్ కింద ఈ బ్యాటరీలు చార్జి ఎక్కవు. చలికాలం గ్యారేజీలో పెట్టొద్దు. తుపాను కబురు రాగానే నిండా చార్జి చేసుకోండి. కరెంటు రెండో రోజుకీ రాకపోతే కారు సాకెట్ నుంచి గంటకి వంద వాట్-అవర్లు దొరుకుతాయి. సోలార్ ప్యానెళ్లు కొంటే బాక్సు తీసుకోగల గరిష్ఠ వోల్టేజీ చూడండి. వంద వాట్ల ప్యానెల్ దేనికీ తగిలించనప్పుడు 22 వోల్టుల దాకా ఇస్తుంది. మూడింటిని వరసగా కలిపితే 66. బాక్సు పరిమితి 60 అయితే మొదటి ఎండకే లోపలి సర్క్యూటు పోవచ్చు. చలి ఉదయాల్లో ఆ వోల్టేజీ ఇంకా పెరుగుతుంది.

ఇక ఊరికి పట్టుకెళ్లడం. కుదరదు. విమానంలో వంద వాట్-అవర్ల లోపు బ్యాటరీకే మామూలుగా అనుమతి. విమానయాన సంస్థ ఒప్పుకుంటే 160 దాకా. అంతకు మించినది చేతిసంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. ఎలాగో చేర్చినా అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లది. ఇంట్లోవి 230, 50.

ఆ డబ్బు ఊళ్లోనే ఇన్వర్టరు, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ మీద పెట్టండి. కాగితం మీద 1.8 యూనిట్లు, నిజంగా వాడుకోదగ్గది ఒకటి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 చుట్టూ తింటుంది. రెండు ఫ్యాన్లు మార్చారంటే చిన్న బ్యాటరీయే రాత్రంతా లాగుతుంది. లైన్లు విడగొట్టమని ఎలక్ట్రీషియనుకి గట్టిగా చెప్పండి. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, దీపాలు, టీవీ, వైఫై మాత్రమే. బోరు మోటారు దాని మీదకి రాకూడదు. ఒక హెచ్‌పీ అంటే వెయ్యి వాట్ల పైమాటే, మొదలయ్యేటప్పుడు మరికొన్ని రెట్లు. తుపాను కబురు వచ్చిన పూటే పైట్యాంకు నింపుకోమని చెప్పండి. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లకి ఈ బ్యాటరీలు దేనికీ చాలవు, వాటికి డీజిల్ జనరేటరే.

లంక గ్రామాల్లో బ్యాటరీ నేల మీద పెడితే వరద నీళ్లు ముందు దాన్నే తాకుతాయి. యాభై కిలోల పైన బరువు, అటక మీద పెట్టేది కాదు. వరద గుర్తు కంటే ఎత్తుగా ఇటుకల దిమ్మె కట్టించి, గాలి ఆడే చోట పెట్టించండి. రెండు మూడు నెలలకోసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. అవి పోస్తే లోపలి ప్లేట్లు త్వరగా పాడైపోతాయి.