బొంతలో చీర ముక్క

బిడ్డా,

నువ్వు పంపిన టీవీ నాటకం రెండుసార్లు చదివాను. ముసలి ఆలుమగలు చాలా ఏళ్లకు వరంగల్ వచ్చి పాత రోజులు తలుచుకోవడం నాకు బాగా నచ్చింది. కానీ మొదటి పది నిమిషాల్లోనే మూడు ఫ్లాష్‌బ్యాక్‌లు పెట్టావు. ఆయన "యాదికుందా?" అనగానే కుర్ర నటులు వచ్చేస్తున్నారు. ఇక ఆ ముసలోళ్లకు చేయడానికి ఏం మిగిలింది?

యాభై ఏళ్లు కలిసి బతికినా ఒకే సంగతి ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు. నీ నాటకం అక్కడుంది.

మా వాడకట్టులో ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి దిగిన ఒకాయన ఉండేవాడు. మొదటి జీతంతో భార్యకు కొన్న చీర ఆకుపచ్చదంటాడు.

"పచ్చదెక్కడిది? నేరేడు పండు రంగు. నీకేం యాదికుంటది?"

"కొన్నది నేను!"

"కట్టుకున్నది నేను."

ఆమె లోపలికి వెళ్లి బొంత పట్టుకొచ్చింది. పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత. ఒక మూల ఆ చీర ముక్క ఉంది. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది, ఏ రంగో చెప్పలేం. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. ఆమె ఆ ముక్క అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అంతే. నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

1934లో మొదలైన ఆ మిల్లును గ్రాఫిక్స్‌లో చూపించాలని రాశావు. వద్దు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే నీ నాటకంలో ముసలాయన ఉలిక్కిపడి గడియారం వంక చూడాలి. షిఫ్టు సైరన్ ఆయన ఒంట్లో ఇంకా ఉందని చూసేవాళ్లకు అర్థమవుతుంది. డైలాగు అక్కర్లేదు.

వేయిస్తంభాల గుడి డ్రోన్ షాట్ కూడా తీసెయ్. అది 1163 నాటి గుడి, వీళ్ల కథకు అక్కడ పనిలేదు. అంతకంటే కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఒకే చాయ్ ఇద్దరూ పంచుకోవడం మేలు. ఆమె సాసర్‌లో, ఆయన కప్పులో.

ఒక పని చెప్తా, చెయ్. మీ అమ్మమ్మనూ తాతనూ విడివిడిగా కూర్చోబెట్టి, పెళ్లినాడు ఏం కూర వండారో అడుగు. మధ్యలో అందించకు. ఇద్దరూ చెప్పింది చెప్పినట్టే రాసి, ఈ ఆదివారంలోగా నాకు పంపు.

ఉంటాను.