మా ఇంటి కబుర్లు పరాయి దేశంలో ఎవరు చదువుతారు?

ఇల్లు, చీరలు, అలంకరణ గురించి బ్లాగులు రాసుకునే పాఠకుల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అడిగిన సంగతి ఇంచుమించు ఒకటే కాబట్టి ఈసారి శీర్షిక అంతా వాళ్ళకే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. రెండేళ్ళుగా ఇల్లు సర్దుకోవడం, చీరలు, కర్టెన్లు, మొక్కల గురించి తెలుగులో బ్లాగు రాస్తున్నాను. ఎనభై పైనే పోస్టులయ్యాయి. చదివేది మా అక్కచెల్లెళ్ళు, మావారి ఆఫీసువాళ్ళు, అంతే. బయటి దేశాల వాళ్ళవి ప్రపంచమంతా చదువుతారు కదా, వాళ్ళకి పెద్ద ఇళ్ళు, ఖరీదైన కెమెరాలు ఉన్నాయనేనా? మాది రెండు గదుల అద్దె ఇల్లు. లింకు పంపుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.
— ఒక గృహిణి, మంగళగిరి

జవాబు: రెండు రాత్రులు కూర్చుని మీ బ్లాగు దాదాపు అంతా చదివానండీ. ముందు ఆ పెద్ద ఇళ్ళ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

అపార్ట్‌మెంట్ థెరపీ అని న్యూయార్క్‌లో మొదలైన బ్లాగు ఒకటుంది. మాక్స్‌వెల్ ర్యాన్ అనే ఆయన అంతకుముందు స్కూలు టీచరు. 2001లో జనం ఇళ్ళు సర్దిపెట్టే పని మొదలుపెట్టి, 2004లో సోదరుడితో కలిసి దాన్ని బ్లాగు చేశాడు. న్యూయార్క్ అపార్ట్‌మెంట్లంటే తెలుసుగా, మంచం వేస్తే బీరువాకి చోటుండదు. ఆ ఇరుకు ఇళ్ళే ఆ బ్లాగుకి సరుకు, పైగా చిన్న ఇళ్ళకు పోటీలు కూడా పెట్టారు. అదే 2004లో బ్రూక్లిన్‌లో గ్రేస్ బానీ అనే అమ్మాయి డిజైన్ స్పాంజ్ అనే బ్లాగు మొదలుపెట్టి 2019 దాకా, అంటే 15 ఏళ్ళు నడిపింది. మామూలు మనుషుల ఇళ్ళు, పాత కుర్చీ ఎలా ఉండేది, రంగు వేశాక ఎలా అయింది, ఇలాంటివే అందులో జనం ఎగబడి చూసినవి. బట్టల విషయానికొస్తే టావీ గెవిన్సన్. షికాగో పక్కన ఓక్ పార్క్‌లో ఉండే పిల్ల, 2008లో స్టైల్ రూకీ అనే బ్లాగు మొదలుపెట్టేటప్పటికి వయసు 11. పాత బట్టల కొట్లలో దొరికినవి తనకు తోచినట్టు కలిపి వేసుకుని, ఇంట్లోనూ పెరట్లోనూ ఫొటోలు దిగి, తనకేమనిపించిందో రాసేది. 13 ఏళ్ళకే న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో ముందు వరసలో కూర్చుంది.

వీళ్ళలో ఎవరూ భవంతులతో మొదలుపెట్టలేదు. ఎదురుగా ఉన్న గదిని, చేతిలో ఉన్న బట్టని దగ్గరగా చూసి, చూసింది పూర్తిగా చెప్పారు. ఎక్కడో ఉన్న మనిషికి అక్కరకొచ్చేది ఆ 'పూర్తిగా' అన్నదే.

ఇప్పుడు మీ బ్లాగు. మొదటి ఏడాది పోస్టులు చూస్తే నాకు కొంచెం బాధేసింది, తెల్ల సోఫాలు, బూడిదరంగు గోడలు, ఎక్కడో చూసిన గదుల్లా మీ గదిని మార్చడానికి మీరు పడ్డ తంటాలు. అలాంటి గదులు చూడాలనుకునేవాళ్ళు మీ దగ్గరికి రానక్కర్లేదు, వాళ్ళ దగ్గరే బోలెడున్నాయి. కానీ ఒక ఫొటోలో, మూల కిటికీకి, పాత మంగళగిరి చీరతో కుట్టిన కర్టెన్ కనిపించింది. ఆకుపచ్చ నేత, నిజాం అంచు. దాని గురించి మీరు రాసింది ఒక్క వాక్యం: "పాత చీరతో కర్టెన్ చేశాను, బాగుంది కదూ." అయ్యో, అసలు కథ అక్కడే ఉంది కదండీ!

అది ఎలా చేశారో మొత్తం రాయండి. నేనే లెక్కేసి చూపిస్తాను. చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా సుమారు 115 సెంటీమీటర్లు. ఏడడుగుల కర్టెన్‌కి పైన రాడ్డు దూర్చే మడత, కింద మడత కలుపుకుంటే 230 సెంటీమీటర్లు కావాలి. అలాంటివి రెండు తీస్తే 460 పోయింది. మిగిలిన 90 సెంటీమీటర్లలో, పమిట వైపు ముక్కతో 40 సెంటీమీటర్ల కుషన్ కవర్లు రెండొస్తాయి. మూడడుగుల కిటికీకి రెండు ముక్కలూ వేస్తే కుచ్చిళ్ళు నిండుగా పడతాయి. ఇంకో సంగతి, మీరు గమనించే ఉంటారు: చీరకి రెండు పక్కలా అంచు మగ్గం మీదే వస్తుంది కాబట్టి పక్కలు మడిచి కుట్టే పని లేదు, పోగులు లేవవు. మిషన్ పని సగం తగ్గినట్టే. ఇది లిస్బన్‌లో ఉన్నావిడకీ పనికొస్తుంది, నైరోబీలో ఉన్నావిడకీ పనికొస్తుంది. సెకండ్‌హ్యాండ్ కొట్లో చీర కొనుక్కుని ఏం చేయాలో తెలియక బీరువాలో పెట్టుకున్నవాళ్ళు బయట చాలామందే ఉన్నారు. పొద్దున ఎనిమిదింటికి ఆ ఆకుపచ్చలోంచి వెలుతురు నేల మీద ఎలా పడుతుందో ఒక ఫొటో తీయండి. దానికి మీ ఫోన్ చాలు. కిటికీ వెలుతురు ఉన్నప్పుడు ట్యూబ్‌లైటు ఆర్పేయండి, రంగులు తప్పుగా పడుతున్నది దానివల్లే. ఎన్ని ఉతుకులకు రంగు తగ్గిందో, జరీ దగ్గర ఇస్త్రీ ఎంత వేడిలో పెట్టారో, అవీ రాయండి. తప్పిపోయినవి ముఖ్యంగా రాయండి.

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర. మా ఇంట్లో మగ్గం ఉంది. నేసే పని, ఆ బట్టతో ఇల్లు అలంకరించుకోవడం గురించి రాయాలని ఉంది. ఇంగ్లీషు అంతగా రాదు. తెలుగులో రాస్తే ప్రపంచం ఎలా చదువుతుంది మేడమ్?
— డిగ్రీ విద్యార్థిని, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: తెలుగులోనే రాయమ్మా. నీకు పట్టున్న భాషలో రాస్తేనే పని వివరంగా వస్తుంది. చదవాలనుకున్నవాళ్ళు ఫోన్లోనే అనువదించుకుని చదువుతున్నారు, తప్పులతో అయినా విషయం అందుతోంది. కాకపోతే తెలుగు అక్షరాలను టైపు చేసి పెట్టాలి. రాసింది ఫొటోగా పెడితే వెతికేవాళ్ళకు తేలిగ్గా దొరకదు. మనవాళ్ళు చాలామంది అందమైన అక్షరాలతో డిజైన్ చేసిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు, ఆ శ్రమంతా ఎవరికీ చేరకుండా పోతుంది.

నువ్వు తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. నూలుకి ముందే కట్లు కట్టి రంగులో ముంచి నేసే ఆ పనిని మీ ఇళ్ళల్లో చిటికి అంటారు. బయట ఇక్కత్ అంటారు. అది మలయ్, ఇండోనేషియా భాషల మాట, కట్టడం అని అర్థం. ఒడిశాలో బంధ అంటారు, జపాన్‌లో ఇలాంటి నేతనే కసూరి అంటారు. ఏ దేశంవాడైనా వెతికేది తనకు తెలిసిన మాటతోనే కదా. అందుకని పోస్టు తెలుగులో రాసినా, శీర్షికలో, ఫొటో కింద రాసే వాక్యంలో చిటికి, ఇక్కత్, పోచంపల్లి మూడూ ఉండాలి, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకసారి రాయి. ఫొటో ఫైలుకి కెమెరా ఇచ్చిన నంబరు వదిలేయకుండా అందులో ఏముందో ఆ పేరు పెట్టు. బొమ్మలు కనిపించనివాళ్ళ కోసం ఫొటోకి వివరణ రాసే గడి ఒకటి ఉంటుంది, అదీ నింపు. చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించేది దాన్నే, వెతుకులాటలో పనికొచ్చేదీ అదే.

ఫొటోలు దాచుకునే వెబ్‌సైటు పింటరెస్ట్ 2010లో వచ్చాక ఇంటి బ్లాగులకి బొమ్మే గుమ్మం అయింది. ఒకరు ఫొటో దాచుకుంటారు, దాన్ని ఇంకొకరు చూస్తారు, నొక్కితే నీ పేజీకి వస్తారు. అక్కడ నిలువు ఫొటోలు బాగుంటాయి, వెడల్పు రెండు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. భాష రానివాళ్ళు కూడా ఆగి చూసే ఫొటో ఏదో నీకు చెప్పనా? నూలుకి రబ్బరు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచాక, ఆ కట్టు విప్పుతుంటే లోపల తెల్లగా మిగిలిన చోటు బయటపడుతుంది చూడు, ఆ క్షణం. పక్కనే నేత పూర్తయిన దిండు గలీబు మీద అదే తెలుపు, చివర్లు కొంచెం చెదిరినట్టు. ఆ చెదురు ఎందుకొస్తుందో నాలుగు మాటల్లో చెప్పు. ప్రింటు వేసిన నకిలీలో ఆ చెదురు రెండో వైపు కనిపించదు, బట్ట తిరగేసి చూపించు. కొనుక్కునేవాళ్ళు నీకు జన్మంతా రుణపడి ఉంటారు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. ముగ్గులు, కలంకారీ, ఇత్తడి సామానుతో మా ఇంటి ఫొటోలు పెడతాను. ఇక్కడి ఫ్రెండ్స్ "రంగులు ఎక్కువయ్యాయి, తెల్లగా సింపుల్‌గా ఉంటే అందరికీ నచ్చుతుంది" అంటున్నారు. మార్చుకోవాలా అని ఒకటే టెన్షన్.
— ఒక ఐటీ ఉద్యోగిని

జవాబు: మీరు కలంకారీ అన్నారు కాబట్టి ఆ బట్ట కథే చెప్తాను. 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన అద్దకం బట్ట యూరప్‌లో మంచం తెరలయింది, దుప్పట్లయింది, గోడలకెక్కింది, తర్వాత గౌన్లూ అయింది. బట్టకి ఎర్ర నేల, అంటే అడుగు రంగు, వద్దు, తెల్ల నేల మీద పువ్వులు కావాలని అక్కడి వర్తకులు అడిగారు. మనవాళ్ళు వేసిచ్చారు. కానీ చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు, పటిక, కరక్కాయ, పాలలో నానబెట్టే పద్ధతి, వీటిలో దేన్నీ వదల్లేదు. ఉతికినా పోని ఆ రంగు అప్పట్లో వాళ్ళ దగ్గర లేదు, వాళ్ళు కొన్నదే దానికోసం. గిరాకీ ఎంత పెరిగిందంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండు 1721లో ఇలాంటి అద్దకం నూలు బట్ట కట్టుకోకూడదు, ఇంట్లో వాడకూడదు అని చట్టమే చేసింది. ఒక ఇంటి అలంకరణ సరుకు మీద రాజ్యాలు చట్టాలు చేశాయంటే, ఆ చిరివేరు ఎరుపు చేసిన మనుషుల మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

కాబట్టి మీ బ్లాగులో మార్చుకోదగ్గ నేల ఏది, వదలకూడని ఎరుపు ఏది అని చూసుకోండి. అంగుళాల పక్కన సెంటీమీటర్లు ఇవ్వడం, "సంక్రాంతికి" అని వదిలేయకుండా "జనవరి మధ్యలో" అని చెప్పడం, గొబ్బెమ్మ అంటే ఆవుపేడ ముద్ద మీద గుమ్మడిపువ్వు పెట్టి ముగ్గు మధ్యలో ఉంచేదని ఒక వాక్యం కలపడం, ఇవి నేల. ఎంతైనా మార్చుకోండి. డాలస్‌లో పేడ దొరక్క మీరు దేనితో చేశారో అదీ రాయండి, అది మీ ఒక్కరికే తెలిసిన సంగతి. రంగులు మాత్రం మీ ఎరుపు. వాటి జోలికి వెళ్ళకండి. ఫొటో గజిబిజిగా ఉందంటే రంగుల వల్ల కాదు, ఒకే ఫ్రేములో పదకొండు వస్తువులున్నాయి, నేను లెక్కపెట్టాను. ఇత్తడి చెంబు ఒక్కటే పెట్టి, వెనక కలంకారీ వదిలేసి మళ్ళీ తీయండి.

ప్రశ్న: కంపెనీలు ఉచితంగా దుప్పట్లు, దీపాలు పంపుతామంటున్నాయి. తీసుకోవచ్చా? వేరేవాళ్ళ ఫొటోలు పేరు వేసి వాడుకోవచ్చా?
— విశాఖపట్నం

జవాబు: తీసుకోండి, కానీ ఉచితంగా వచ్చిందని పోస్టు మొదట్లోనే రాయాలి. మన దగ్గర ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో దీనికి నియమాలు పెట్టింది, అమెరికాలో 2009 నుంచే బ్లాగర్లకు ఈ లెక్క ఉంది. బాగోకపోతే బాగోలేదనే రాస్తానని ముందే చెప్పండి. ఫొటోల సంగతి, పేరు వేస్తే చాలదు, అనుమతి అడగాలి.

ప్రశ్న: రోజుకో పోస్టు పెట్టకపోతే జనం మర్చిపోతారంటున్నారు. ఉద్యోగం, పిల్లలు, వంటింటి అరలు మార్చే పని, అన్నీ కలిసి అలసిపోతున్నాను. అరలు ఉగాదికి గానీ పూర్తవవు. ఈలోగా ఏదో ఒకటి రాసేయనా?
— ఒక టీచర్, ఖమ్మం

జవాబు: వద్దండీ. వర్జీనియాలో షెర్రీ, జాన్ పీటర్సిక్ అనే దంపతులు 2007లో తమ సొంత ఇంటి మరమ్మతుల గురించి యంగ్ హౌస్ లవ్ అని రాయడం మొదలుపెట్టారు. పాఠకులు విపరీతంగా పెరిగారు, పోస్టుల వెంట పరిగెత్తీ పరిగెత్తీ 2014లో ఆపేశారు. తర్వాత మళ్ళీ వచ్చారు, నెమ్మదిగా. ఇల్లు మారడానికి పట్టే టైము ఇంటికి పడుతుంది, దాన్ని రోజూ పోస్టుగా మార్చాలంటే అవసరం లేనివి కొనాలి, బాగున్నవి పీకాలి.

నా అనుభవం చెప్తాను. ఆరేళ్ళ క్రితం వానాకాలంలో పట్టుచీరల మడతలు మార్చడం, జరీ నల్లబడకుండా పాత నూలు పంచెలో చుట్టిపెట్టడం గురించి రాశాను. ఆ నెల ఎవరూ పెద్దగా చూడలేదు. మొన్న జూన్‌లో మలేసియా నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది, వాళ్ళ సాంగ్‌కెట్ బట్టలోనూ జరీ ఉంటుందట, అక్కడి చెమ్మకి ఏం చేయాలో తెలియక వెతుకుతుంటే అది దొరికిందట. పంచె దొరక్క మెత్తటి పాత పరుపు దుప్పటి వాడిందట, ఫొటో పంపింది. ఆ రోజు నేను వంట చేస్తూ కూడా ఆ ఫొటో తీసి చూసుకున్నాను.

నెలకి రెండు పోస్టులు చాలు. అరల పోస్టు ఉగాది అయ్యాకే రాయండి. ఇప్పుడున్న పాత అరల ఫొటో మాత్రం ఈ సాయంత్రమే, డబ్బాలు సర్దకుండా ఉన్నవి ఉన్నట్టుగా తీసి పెట్టుకోండి, వడ్రంగి వచ్చి విప్పేశాక మళ్ళీ తీయలేరు.