చిన్న పల్లెటూరిలో కాపురం పెట్టడానికి సౌకర్యాలు సరిపోతాయా?

ఇంటి నుంచే పని కాబట్టి పిల్లలతో పల్లెటూరికి మారదామనుకుంటున్నామని, అక్కడ సౌకర్యాలు ఎలా ఉంటాయని అడిగారు. మాది నల్లగొండ జిల్లా మునుగోడు వైపు, 300 గడప కూడా లేని ఊరు. పత్తి, వరి, కొందరికి బత్తాయి తోటలు. నేను పుట్టిందీ, ఇప్పుడు ఉంటున్నదీ అక్కడే.

ముందు నీళ్ల గురించి చెప్పాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా వైపు బోర్లలో అంతకంటే ఎక్కువే, అది ఎముకల్నీ పళ్లనీ పాడుచేస్తుంది. మా నాయనమ్మకు అరవై నిండకముందే నడుము వంగిపోయింది, కర్ర లేనిదే గడప దాటలేకపోయేది. నా పళ్ల మీద ఇప్పటికీ గోధుమ రంగు చారలున్నాయి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చిన తర్వాత పుట్టింది మా పాప. దాని పళ్లు తెల్లగా ఉన్నాయి. ఊళ్లో ఎన్ని మారినా నాకు ఇదే పెద్ద మార్పు. పైపు పగిలితే రెండు మూడు రోజులు నీళ్లు రావు, అప్పుడు నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటాం. మీరు ఈ వైపు వస్తే బోరు నీళ్లు మాత్రం వంటకు కూడా వాడకండి.

కరెంటుకు ఇప్పుడు అంత ఇబ్బంది లేదు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకుముందు విడతల వారీగా, చాలాసార్లు రాత్రిపూట వచ్చేది. నాయన టార్చిలైటు పట్టుకుని రెండింటికి మోటరు వేయడానికి పోతే, ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ మంచం మీద కూర్చునే ఉండేది. చీకట్లో పురుగూ పుట్రా, తడి చేతులతో స్టార్టరు. ఆ టెన్షన్ మా ఇంట్లో పోయింది. ఎండాకాలం గాలివానకు స్తంభాలు పడితే మాత్రం ఒక రోజంతా కరెంటు ఉండదు, ఇన్వర్టర్ పెట్టుకోండి. నెట్ సంగతి అద్దెకు తీసుకునే ఇంట్లోనే కూర్చుని చూసుకోవాలి. మా ఇంట్లో డాబా మీద వచ్చే సిగ్నల్ లోపలి గదిలో రాదు.

బడి ఊళ్లో ఐదో తరగతి వరకే. పెద్ద పిల్లలకు బడి వ్యాన్లు వస్తాయి. ఇల్లు అద్దెకు అడిగితే కొందరు ముందు కులం అడుగుతారు. నాకు అది ఏమాత్రం నచ్చదు, కానీ మీకు ముందే తెలియాలి.

అసలు కష్టం పొద్దు గూకిన తర్వాత. ఒక వానాకాలం రాత్రి తొమ్మిదిన్నరకు పత్తి చేను నుంచి వస్తుంటే మా చిన్నాన్నను పాము కరిచింది. వెనక వీధి ఆయన అన్నం ముందు నుంచి లేచి కారు తీశాడు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ లేదన్నారు. అక్కడి నుంచి ఇంకో 30 కిలోమీటర్లు పోయాం. దారిలో చిన్నాన్న కళ్లు మూతలు పడుతుంటే నేను మాట్లాడిస్తూనే ఉన్నాను. బతికాడు. అప్పటి నుంచి ఏ సౌకర్యమైనా రాత్రి పదికి దొరుకుతుందా అనే చూస్తాను. ఒకప్పుడు నైట్‌హాల్ట్ బస్సు ఊళ్లోనే పడుకునేది. డ్రైవరు, కండక్టరుకు రోజూ ఎవరో ఒకరి ఇంటి నుంచి కూర వెళ్లేది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర బస్సే ఆఖరు.

అందుకని సంక్రాంతికి వచ్చి చూసి నిర్ణయం తీసుకోకండి. అప్పుడు ఏ ఊరైనా బాగుంటుంది. వానాకాలంలో వచ్చి రెండు రాత్రులు ఉండండి. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో కనుక్కోండి. చేన్ల పక్కన కాకుండా ఊరి నడుమ ఇల్లు చూడండి. అర్ధరాత్రి ఎవరి తలుపు కొడితే కారు తీస్తారో అడగండి. మా ఊళ్లో ఆ ఇల్లు చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.