హోటల్ మేనేజ్‌మెంట్ ఫీజు కోసం ఆ డిపాజిట్‌ను కదిలించకండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. నెలకు 58,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు 35,000. 40 నెలల 5 లక్షల చీటీలో 9 నెలలు కట్టాను, డివిడెండ్ పోను నెలకు 11,000 దాకా పడుతోంది. బ్యాంకులో 3,20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇంటర్ పూర్తయిన మా అమ్మాయిని ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్చాలనుకుంటున్నాం. ఏడాదికి ఫీజు 1,90,000, హాస్టల్ 90,000. మూడేళ్లదీ ఒకేసారి కడితే 30,000 తగ్గించి 8,10,000కే ఇస్తామన్నారు. డిపాజిట్ తీసేసి, చీటీ పాడితే వచ్చే 3,60,000 కలిపి, మిగిలిన 1,30,000 తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. అమ్మాయి నెత్తిన అప్పు పెట్టడం ఇష్టం లేక ఎడ్యుకేషన్ లోన్ వద్దనుకున్నాం. ఉద్యోగంలో చేరాక ఆ 1,30,000 అమ్మాయే తీర్చేస్తుంది. 2020లో నాకు ఏడు నెలలు సగం జీతమే వచ్చింది, నగలు తాకట్టు పెట్టి గట్టెక్కాం. ఇప్పుడు అలాంటి పరిస్థితి లేదు. మా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఇలాంటి ఉత్తరాలు అడ్మిషన్ల కాలంలో తరచుగా వస్తుంటాయి కాబట్టి, అందులోనూ మీ ఉత్తరంలో ఒక పొరపాటు స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. బ్యాంకు నుంచి తీసుకుంటేనే అప్పు అనీ, ఉన్న డిపాజిట్ ఖాళీ చేసి, చీటీ తగ్గించి పాడి, చేబదులు తెస్తే అది అప్పు కాదనీ మీరు అనుకుంటున్నారు. నిజానికి మీ ఏర్పాటులో ఉన్నది కూడా అప్పే. పైగా అది ఎక్కువ వడ్డీకి తెచ్చిన అప్పు, ఇల్లు గడవని నెలలో చేతిలో రూపాయి లేకుండా చేసే అప్పు.

ముందుగా ఆ డిపాజిట్ సంగతి చూద్దాం. ఇంటి ఖర్చు, చీటీ కలిపి మీకు నెలకు 46,000 కావాలి. ఏడు నెలలకు 3,22,000 అవుతుంది. అంటే మీ డిపాజిట్ దాదాపు ఏడు నెలల బతుకుతెరువు. 2020లో మీకు సగం జీతం వచ్చింది కూడా ఏడు నెలలే. ఆ రోజు ఈ డబ్బు ఉండి ఉంటే నగలు తాకట్టుకు వెళ్లేవి కావు. ఇన్నేళ్లు కష్టపడి కూడబెట్టుకున్న అత్యవసర నిధిని, పేరు అలా పెట్టుకోలేదన్న ఒక్క కారణంతో, ఇప్పుడు ఫీజు కౌంటరులో కట్టేయాలనుకుంటున్నారు.

మామూలుగా ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోమని చెబుతాను. మీకు మాత్రం అంతకంటే ఎక్కువే ఉండాలంటాను. మీరు పనిచేసేది ట్రావెల్ రంగంలో, మీ అమ్మాయి అడుగుపెట్టబోతున్నది హోటల్ రంగంలో. రెండూ పర్యాటకుల రాకపోకల మీద బతికేవే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక హోటళ్లు తెరవడానికి అనుమతి వచ్చింది జూన్ 8 నుంచి, అదీ కంటైన్‌మెంట్ జోన్ల బయటే. మన దేశానికి వచ్చిపోయే సాధారణ అంతర్జాతీయ విమాన సర్వీసులు 2020 మార్చి 23న ఆగి, మళ్లీ పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. ఏ కారణంగానైనా అలాంటి దెబ్బ మరోసారి తగిలితే మీ జీతం, అమ్మాయి జీతం ఒకే నెలలో ఆగుతాయి. తండ్రి బడిపంతులు, కూతురు హోటల్ ఉద్యోగి అయిన ఇంట్లో ఒకరి జీతం మరొకరికి ఆసరా అవుతుంది. మీ ఇంట్లో ఆ ఆసరా లేదు కాబట్టి దాని స్థానంలో నిలబడవలసింది ఆ డిపాజిట్ ఒక్కటే.

2020 జూన్‌లో నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఏప్రిల్ 1న ఫ్రంట్ ఆఫీసులో చేరమంటూ ఒక హోటల్ కొడుక్కి ఇచ్చిన ఆఫర్ లెటరును ప్లాస్టిక్ కవరులో పెట్టి, మడత పడకుండా తెచ్చారు. ఆ హోటల్ అప్పటికి మూసే ఉంది. ఆయన మీలాగే చివరి ఏడాది ఫీజుకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు, కొడుకు మొదటి జీతం నుంచి తీర్చవచ్చని. రిజర్వు బ్యాంకు ఆ ఏడాది మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు బ్యాంకు రుణాల కిస్తీలకు మారటోరియం, అంటే వాయిదా వేసుకునే వెసులుబాటు, ఇచ్చింది. వడ్డీ పెరుగుతూ ఉన్నా ఊపిరి తీసుకోవడానికి ఆరు నెలల వ్యవధి దొరికింది. వడ్డీ వ్యాపారికి ఏ మారటోరియమూ వర్తించదు. ప్రతి నెలా అయిదో తేదీకి ఆయన ఇంటికి మనిషి వచ్చేవాడు. పిల్లల తొలి జీతాన్ని చూపి ఈరోజు అప్పు తెస్తామనేవారితో నేను గట్టిగా మాట్లాడటానికి కారణం ఇదే.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1,30,000కు నెలకు 2,600, మూడేళ్లకు 93,600 కట్టాక కూడా అసలు అలాగే ఉంటుంది. చీటీని ఇప్పుడు పాడితే 1,40,000 పోతుంది. చివరిదాకా ఉన్నా 5 శాతం కమిషన్ కింద 25,000 ఎలాగూ పోయేదే అనుకున్నా, తొందరపడినందుకు మీరు కట్టే మూల్యం 1,15,000. రెండూ కలిపి 2,08,600. కాలేజీ ఇచ్చే 30,000 తగ్గింపు పోను 1,78,600. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కోల్పోవడం దీనికి అదనం.

ఒకేసారి మూడేళ్ల ఫీజు కట్టే మాట అసలు మరిచిపోండి. ఆ సెమిస్టరుకో ఆ ఏడాదికో మించి ముందుగా ఫీజు వసూలు చేయకూడదని యూజీసీ 2018లోనే ఉన్నత విద్యాసంస్థలకు చెప్పింది. ఈ కోర్సు గంటల తరబడి వంటగదిలోనో సర్వీసులోనో నిలబడి చేసే చదువు; మొదటి ఏడాదిలోనే తమకు సరిపడదని తెలుసుకుని మానేసే పిల్లలు ఉంటారు. ముందే కట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి బదులు ఏం చేయాలంటే, ఏడాదికి 2,20,000 చొప్పున మొత్తం 6,60,000కు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. మిగిలిన 60,000 హాస్టల్‌కు నెలకు 5,000 చొప్పున మీ జీతం నుంచి కట్టండి. వడ్డీ 10.5 శాతం అనుకుంటే మొదటి ఏడాది నెలకు 1,925, రెండో ఏడాది 3,850, మూడో ఏడాది 5,775 అవుతుంది. చదువుకునే కాలంలో, ఆ తర్వాత ఒక ఏడాది వరకు కిస్తీ కట్టనవసరం లేకపోయినా ఈ వడ్డీని మాత్రం నెలనెలా కట్టేయండి. అలా కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో కొంత తగ్గింపు కూడా ఇస్తాయి. చీటీ పోను మీకు మిగులుతున్న 12,000లో, భారం అన్నింటికంటే ఎక్కువగా ఉండే మూడో ఏడాదిలో కూడా 10,775తో సరిపోతుంది. మూడేళ్ల వడ్డీ మొత్తం 1,38,600. డిపాజిట్‌పై 6.5 శాతం వడ్డీ వస్తుందనుకుంటే మీ ఏర్పాటుకూ దీనికీ మూడేళ్లలో సుమారు లక్ష రూపాయల తేడా ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా డిపాజిట్ చెక్కుచెదరదు.

చీటీని పాడకుండా ఉంచితే మిగిలిన 31 నెలలు పూర్తయ్యేసరికి అమ్మాయి చివరి ఏడాదిలో ఉంటుంది. అప్పుడు చేతికొచ్చే 4,75,000 లోన్‌లో కడితే 1,85,000 మాత్రమే మిగులుతుంది. ఈలోగా నిజంగా ఆపద వస్తే అప్పుడు పాడుకునే హక్కు మీ చేతిలోనే ఉంటుంది. అయితే అది చట్టప్రకారం రిజిస్టరైన చీటీ అయితేనే ఈ మాట. కాకపోతే ఇప్పుడే పాడి, వచ్చిన డబ్బును డిపాజిట్‌లో వేయండి, ఫీజుకు మాత్రం వాడకండి.

ఫీజు పట్టికలో కనిపించని ఖర్చులు కొన్ని ఉంటాయి. చెఫ్ కోటు, యూనిఫారాలు, కత్తుల కిట్టు, నల్ల బూట్లు మొదటి నెలలోనే కొనాలి. కోర్సు మధ్యలో నెలల తరబడి హోటల్‌లో ఇండస్ట్రియల్ ట్రెయినింగ్ ఉంటుంది, అది వేరే నగరంలో పడితే గది అద్దె మీరే పంపాలి. ట్రెయినింగ్‌లో ఇచ్చే స్టైపెండ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఇవి కూడా నెలవారీ మిగులు నుంచే రావాలి, డిపాజిట్ నుంచి కాదు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక కుటుంబానికి విడిగా ఒక పాలసీ, లోన్‌కు సరిపడా మీ పేరున టర్మ్ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష ద్వారా హైదరాబాద్, తిరుపతిలోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో (ఐహెచ్ఎం) సీటుకు ప్రయత్నించారో లేదో మీరు రాయలేదు, పర్యాటక కోర్సుకైతే నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ సంస్థ ఐఐటీటీఎం ఉంది, ఒకసారి చూడండి. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు పీఎం విద్యాలక్ష్మి కింద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది కానీ అది ఎంపిక చేసిన విద్యాసంస్థలకే, మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది.

కాలేజీకి అడ్మిషన్ డబ్బు కట్టే ముందే విశ్వవిద్యాలయ అనుబంధ పత్రం, ఏడాదివారీ ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్‌పై తీసుకుని మీ జీతం జమ అయ్యే బ్యాంకుకు వెళ్లండి. గుర్తింపు లేని కాలేజీకి బ్యాంకు రుణం ఇవ్వదు. మేనేజరు ఆ కాగితాలు చూసి కాదంటే, వెంటనే రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇచ్చే ఆ తెలిసినవారి దగ్గరకు వెళ్లకుండా, కాలేజీనే మార్చండి.