పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకముందే

ఏరా అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఆకివీడు నుంచి ఫోన్ చేసింది. నీకు అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చిందని, లోన్ కోసం పొలం కాగితాలు పెట్టమని బావని అడుగుతున్నావని చెప్పింది. 2006లో వెళ్లి 2019లో తిరిగొచ్చేసినవాణ్ణి కాబట్టి నేను వద్దంటానని అనుకుంటున్నావేమో. వెళ్లొద్దని అనను. ఆ కాగితాలు మాత్రం బీరువాలోంచి తీయించకు.

తిండికి లేక ఊరొదిలే పరిస్థితి మనది కాదురా. ధవళేశ్వరం కాలువ నీళ్లతో రెండు పంటలు తిన్న ఇల్లు మనది, ఇప్పుడు వెనామీ రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి. ఏమీ లేనివాడు వెళ్తే వచ్చిందంతా లాభమే, మనం మాత్రం ఇక్కడ ఏం పోతుందో ముందు లెక్క వేసుకోవాలి. ఫలానావాళ్లబ్బాయి వెళ్లాడనో, సంబంధాల దగ్గర మాట పెరుగుతుందనో వెళ్తుంటే ఒక ఏడాది ఆగు.

ఖర్చు 40 లక్షలు దాటుతుంది. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్ కోర్సయితే, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలయితే, ఇంకో రెండేళ్లు. ఈలోపు హెచ్1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ తగలాలి, అవి ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీలకి లక్ష డాలర్ల ఫీజన్నారు, తర్వాత అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకి వర్తించదన్నారు, అంటే రాత్రికి రాత్రి రూలు మారే చోటుకి అప్పుతో వెళ్తున్నావన్నమాట. వీసా వచ్చాక ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి ఆగాలన్న సంగతి నీకు తెలిసిందే.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే. 2014లో మీ తాతకి పక్షవాతం వచ్చినప్పుడు నా వీసా పొడిగింపు పెండింగ్‌లో ఉంది, ఇండియా వెళ్తే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వేయించుకోవాల్సిన వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుంటావని అందరూ భయపెట్టారు, నేను భయపడి తొమ్మిది రోజులు ఆగాను. వచ్చేసరికి ఆయనకి మాట పడిపోయింది. ఆ తొమ్మిది రోజులూ భీమవరం ఆస్పత్రి వరండాలో పడుకుంది మీ అమ్మ. వీడియో కాల్ చేస్తే అమ్మమ్మ ఫోన్ చెవికి ఆనించుకునేది, నాకు తెర నిండా ఆవిడ చెవి, రాళ్ల దుద్దూ తప్ప ఏమీ కనిపించేవి కావు. నేను డబ్బు పంపాను, చాకిరీ అంతా అక్క చేసింది. అందుకే అడుగుతున్నా, నువ్వు వెళ్తే ఇక్కడ ఆ భారం నీ చెల్లెలి మీద పడుతుంది, ఆ పిల్లని ఒక్క మాట అడిగావా?

అలాగని అక్కడ నాకు దక్కింది తక్కువేం కాదు. ఇక్కడ యాభై ఏళ్లొచ్చినా ఫలానావాళ్ల మనవడివే. అక్కడ నా పని చూసి నన్ను పిలిచారు, వంట దగ్గర్నుంచి టాక్సు దాకా అన్నీ సొంతంగా నేర్చుకున్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో అది చాలా అవసరంరా. పోనీ ఇక్కడే ఉంటే నిశ్చింతా అంటే, చెరువు సంగతి నీకు చెప్పాలా? రొయ్యకి వైట్ స్పాట్ జబ్బు తగిలితే పెట్టిన మేతంతా నీళ్లపాలు. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్యల మీద కూడా 50 శాతం సుంకం వేసినప్పుడు బావకి నిద్ర లేదు.

కాబట్టి వెళ్లు, కానీ తాకట్టు లేకుండా దొరికే లోనే తీసుకో. వడ్డీ ఎక్కువే, అయినా లాటరీ తగలకపోతే హైదరాబాద్ జీతంతో తీర్చగలిగినంతే తీసుకో. అంతకి మించితే ఫీజు తక్కువున్న యూనివర్సిటీకి మళ్లీ అప్లై చెయ్యి. ఎన్నేళ్లకి ఎంత కూడబెట్టి తిరిగొస్తావో, లేక రావో, అది కూడా బావకి ఇప్పుడే ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన చెరువులు లీజుకివ్వాలా, తానే చేసుకోవాలా అన్నది దాన్ని బట్టి ఉంటుంది.

ఆదివారం భీమవరం రా, ఫీజుల కాగితం తీసుకుని. చెల్లిని కూడా వెంటబెట్టుకురా, అందరం కూర్చుని లెక్క వేద్దాం.

మీ మామయ్య