ఋణ భిన్నాల దగ్గర పిల్లలు తడబడుతుంటే

"మా ఏడో తరగతి పిల్లలకు భిన్నాల కూడికలు, తీసివేతలు బాగానే వచ్చు. అకరణీయ సంఖ్యలు (ఋణ భిన్నాలు కూడా కలిసినవి) మొదలుపెట్టాక −3/4 పెద్దదా, −2/3 పెద్దదా అంటే మాత్రం తడబడుతున్నారు, ఎలా చెప్పాలి?" అని అడిగారు కదా. నేను పన్నెండేళ్లుగా ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు లెక్కలు చెబుతున్నాను. నాకు ఉపయోగపడినవి రాస్తున్నాను.

మొదట్లో నేనూ పద్ధతితోనే మొదలుపెట్టేదాన్ని. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కనుక్కోండి, హారాలు సమానం చేయండి, లవాలు పోల్చండి. పరీక్షలో మార్కులు వచ్చేవి. నెల తర్వాత అదే లెక్క ఇస్తే మళ్లీ మొదటికొచ్చేది.

ఒకరోజు బోర్డు మీద సంఖ్యారేఖ గీసి −5/4 ఎక్కడుందో చూపించమన్నాను. క్లాసులో అందరికంటే వేగంగా లెక్కలు చేసే అమ్మాయి లేచి వచ్చింది. −1 దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి పావు భాగం కుడివైపు జరిగి చుక్క పెట్టింది. అది −3/4 ఉండే చోటు. ఎందుకలా పెట్టావమ్మా అంటే, "ఒకటింపావు కదా టీచర్, ఒకటి దాటాక పావు" అంది. ఒకటింపావు అన్నది నిజమే, ఎటువైపు దాటాలో మాత్రం చూసుకోలేదు. ఆ పిల్లకు −5/4 అంటే రెండు అంకెలు, మధ్యలో గీత, ముందొక గుర్తు. ఒక చోటున్న ఒకే సంఖ్యగా అది కనబడలేదని నాకు అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి ఈ పాఠానికి మొదటి మూడు పీరియడ్లు నోటుబుక్కు తెరవనివ్వను. వరండాలో సుద్దముక్కతో పొడవాటి గీత గీసి, మధ్యలో సున్న పెడతాం. మీటరు పొడవున్న దారమే మా "ఒకటి". దాన్ని సమానంగా నాలుగు మడతలు వేస్తే పావు, మూడు వేస్తే మూడోవంతు. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇస్తాను, అందులో ఉన్న సంఖ్య దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఎవరైనా సున్న దగ్గరే బయలుదేరాలి. −5/4 వచ్చినవాళ్లు ఎడమవైపు "ఒక పావు, రెండు పావులు..." అని పైకి లెక్కపెడుతూ ఐదు పావులు కొలుచుకుంటూ వెళ్లాలి. ఒకటింపావు అనే మాట ఆ తర్వాతే. 1/2, 2/4 చీటీలు వచ్చిన ఇద్దరూ ఒకే చోటు కోసం తోసుకుంటారు. సమాన భిన్నాలు అంటే ఏమిటో అంతకంటే బాగా నేను ఏ మాటల్లోనూ చెప్పలేను.

ఇక మీరడిగిన పోలిక. ఋణం అంటే అప్పే కదా, ఆ మాటనే వాడుకోండి. 628లో మన గణిత శాస్త్రజ్ఞుడు బ్రహ్మగుప్తుడు కూడా ధన, ఋణ సంఖ్యల నియమాలు ఆస్తి, అప్పు అన్న మాటలతోనే చెప్పాడు. 120 రూపాయల్లో ముప్పావు వంతు 90, మూడింట రెండు వంతులు 80. 90 అప్పున్నవాళ్లు నయమా, 80 అప్పున్నవాళ్లు నయమా అని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. ఆ తర్వాత −9/12, −8/12 అని రాయిస్తే క.సా.గు. ఎందుకు చేస్తున్నామో తెలిసే చేస్తారు. కాకపోతే గుణకారం దగ్గర ఈ అప్పు కథ ఆపేయండి. అప్పును అప్పుతో గుణించడం ఏ పిల్లకీ ఊహకు అందదు. అక్కడ 2 × (−1/2), 1 × (−1/2), 0 × (−1/2) అని వరసగా రాయించి, ఒక్కో మెట్టుకు జవాబు సగం చొప్పున పెరగడం చూపిస్తే, (−1) × (−1/2) దగ్గర 1/2 వాళ్లే రాస్తారు.

భాగహారానికి మా ఊరి కిరాణా కొట్టు చాలు. అరకిలో పల్లీలు 125 గ్రాముల పొట్లాలు కడితే నాలుగు. 1/2 ÷ 1/8 అంతే.

గీత దగ్గర ఆడుతుండగా "1/2 పక్కనున్న సంఖ్య ఏది టీచర్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. 1/4కీ 1/2కీ సరిగ్గా మధ్యలో 3/8 పెట్టించండి. 3/8కీ 1/2కీ మధ్య 7/16. మళ్లీ 15/32. కాసేపటికి సుద్ద పెట్టడానికి చోటుండదు, పిల్లలు మాత్రం ఇంకా మధ్య సంఖ్య చెబుతూనే ఉంటారు. ఆ రోజు సిలబస్ టెన్షన్ పెట్టుకోకుండా బెల్లు కొట్టేదాకా చెప్పనివ్వండి.